ఆ ఆరుగురి సంగతి
(ఎల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాస పాఠం)



సుబ్బారావుగారి స్మృతిలో మాట్లాడమన్నప్పుడు ఆయన జీవితం చెప్పుకొద్దామనే మొదట అనుకున్నాను. 1895లో భీమవరంలో పుట్టడం, స్ప్రూ జబ్బు అన్నదమ్ములను పొట్టన పెట్టుకోవడం, బోస్టన్‌లో చదువు సాగడానికి బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిళ్లు కూలిపని చేయడం, ఇవన్నీ మీకు తెలిసినవే. అందుకని కథ పక్కనబెట్టి మూడు అంకెలతో మొదలుపెడతాను. 16, 10, 6.

1948 జూన్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక వ్యాసం వచ్చింది. రాసింది బోస్టన్ పిల్లల ఆసుపత్రి పాథాలజిస్టు సిడ్నీ ఫార్బర్, ఆయన సహచరులు. ఎక్యూట్ లుకేమియాతో ఉన్న 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ అనే మందు ఇచ్చారు. ఆ మందు తయారైంది న్యూయార్క్ రాష్ట్రంలోని పెరల్ రివర్‌లో, లెడర్లీ ప్రయోగశాలలో, సుబ్బారావుగారు నడిపిన బృందం చేతుల్లో. అంతకుముందు ఫోలిక్ ఆమ్లపు రూపాలు ఇచ్చినప్పుడు పిల్లల్లో లుకేమియా ఇంకా రేగుతున్నట్టు ఫార్బర్‌కు అనిపించింది. తిండి పెడితే పెరుగుతోందంటే, తిండిలా కనిపించే ఉత్తుత్తి ముద్ద పెడితే? అమినోప్టెరిన్ అలాంటి ముద్ద. 16 మందిలో 10 మందికి జబ్బు వెనక్కి తగ్గింది. కొద్ది నెలలపాటే, నిజమే. అయినా పిల్లల్లో ఆ జబ్బు మందుతో తగ్గడమన్నది అంతవరకూ ఎవరూ ఎరగరు. వ్యాసం అచ్చయిన రెండు నెలలకు, 53 ఏళ్ల వయసులో సుబ్బారావుగారు పోయారు.

ఆ 10 మంది గురించి ఇన్నేళ్లుగా చెప్పుకుంటున్నాం. నేనివాళ మాట్లాడేది మిగిలిన ఆరుగురి గురించి. అదే జబ్బు పేరు, అదే మందు, అదే వార్డు. పదిమందిలో పనిచేసింది ఆరుగురిలో ఎందుకు చేయలేదు? ఈ మందు ఊరికే పోయేది కాదు. నోరంతా పుండై మెతుకు మింగలేని పరిస్థితి తెస్తుంది. ఎవరిలో పనిచేయదో ముందే తెలిసి ఉంటే ఆ పసివాళ్లకు ఆ బాధయినా తప్పేది. నా వృత్తి జీవితమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది.

ఇదే ప్రశ్నను నన్ను మరింత సూటిగా అడిగినాయన డాక్టరు కాదు. వాళ్ల అమ్మగారికి అండాశయ క్యాన్సర్. ఆపరేషన్ అయింది, ప్లాటినం మందులతో ఆరు విడతల కీమో అయింది, అయిదు నెలలు తిరక్కుండానే జబ్బు మళ్లీ వచ్చి పొట్ట నీరు పట్టింది. ఇక వేయదగ్గ మందులు నాలుగో అయిదో ఉంటాయి. ఒకటి మొదలుపెట్టి, రెండు మూడు విడతలయ్యాక స్కాన్ తీసి, పనిచేయకపోతే ఇంకొకటి వేస్తాం అని వివరించాను. ఆయన శ్రద్ధగా విని అన్నాడు: "కిందటేడు అమ్మకి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తే కల్చర్‌కి పంపారు కదండీ. మూడ్రోజులాగి ఏ మందు పనిచేస్తుందో, ఏది చేయదో వరసగా కాగితం మీద రాసిచ్చారు. ఇంత పెద్ద జబ్బుకి ఆ పరీక్ష లేదాండీ? చూసి వేయొచ్చు కదా, వేసి చూడ్డమెందుకు?"

చూసి వేయడం, వేసి చూడడం. క్యాన్సర్ వైద్యంలో ఉన్న చిక్కంతా ఆ రెండు మాటల మధ్యే ఉంది. వేసి చూసినందుకు రోగి చెల్లించేది డబ్బొక్కటే కాదు. రెండు నెలల ఆయుష్షు, ఒంట్లో మిగిలిన సత్తువ, ఎముకల మూలుగలోని తెల్లకణాలు, అన్నీ పోతాయి. పనికిరాని మందు వేసినంతకాలం జబ్బు తన పని తాను చేసుకుపోతుంది.

మూత్రంలోని సూక్ష్మజీవులకు చేసే పరీక్ష మీకు తెలుసు. పళ్లెంలో వాటిని పెంచి, మందు తడిపిన కాగితపు బిళ్లలు పెడితే, మందుకు లొంగినచోట బిళ్ల చుట్టూ ఖాళీ వలయం ఏర్పడుతుంది. సూక్ష్మజీవికి అది చాలు. రాత్రికి రాత్రి కోట్లుగా పెరుగుతుంది, పళ్లెంలోనైనా మనిషిలోనైనా ఇంచుమించు ఒకేలా ప్రవర్తిస్తుంది. పైగా మనిషి కణంలో లేని భాగాలు దానిలో ఉన్నాయి కాబట్టి దానికి మాత్రమే తగిలే మందు దొరుకుతుంది. క్యాన్సర్ కణం మనదే. మన ఇంట్లో పుట్టి దారితప్పిన కణం. పళ్లెంలో వేస్తే చాలాసార్లు పెరగదు. పెరిగితే, ఒంట్లో ఉన్నప్పటి గుణం పోగొట్టుకుని పెరుగుతుంది.

అయినా ప్రయత్నాలు ఆగలేదు. అరిజోనా విశ్వవిద్యాలయంలో ఆన్ హాంబర్గర్, సిడ్నీ సాల్మన్ 1977లో రోగుల కణితుల నుంచి తీసిన కణాలను మెత్తని అగార్‌లో గుంపులుగా పెంచి చూపించారు. మరుసటేడు ఆ గుంపులు ఏ మందుకు ఎంత తగ్గుతాయో లెక్కగట్టి రోగుల్లో వచ్చిన ఫలితంతో సరిపోల్చారు. పెద్ద ఆశలే పుట్టాయి. కానీ చాలా నమూనాల్లో గుంపులు మొలవనేలేదు, మొలవడానికి వారాలు పట్టేది. ఆ పరీక్ష 'ఈ మందు పనిచేయదు' అంటే చాలావరకు నిజమయ్యేది. 'పనిచేస్తుంది' అంటే అంత నమ్మడానికి వీల్లేకపోయేది. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి. గిన్నెలోనే చావని కణం ఒంట్లో చావడం అరుదు. గిన్నెలో చచ్చిన కణం ఒంట్లో ఎన్నో విధాల తప్పించుకోగలదు.

ఇక కణం చచ్చిందో బతికిందో తేల్చడమెలా? 1983లో టిమ్ మోస్మన్ ఎంటీటీ పరీక్ష తెచ్చాడు. పసుపుపచ్చని రసాయనాన్ని బతికున్న కణం ఊదారంగులోకి మార్చేస్తుంది, చచ్చినది మార్చలేదు. ఊదా ఎంత చిక్కగా ఉంటే అంత ఎక్కువ కణాలు బతికున్నట్టు. ఈ మాట చెబుతున్నప్పుడల్లా నాకు 1925 గుర్తొస్తుంది. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి సుబ్బారావుగారు భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టిన సంవత్సరం అది. అక్కడా రంగే కొలత, నీలం చిక్కదనాన్ని బట్టి భాస్వరం ఎంతో చెప్పేస్తుంది. ఆ పద్ధతి ఇప్పటికీ ఆ ఇద్దరి పేరుతోనే పాఠాల్లో ఉంది.

అంతకంటే ఆశ్చర్యం ఇంకొకటుంది. ఆ కొలత చేతికి వచ్చాక వాళ్లు కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను పట్టుకున్నారు, 1929లో ఏటీపీని వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ అదే ఏడు విడిగా కనుక్కున్నాడు. ఏటీపీ అంటే కణం ఖర్చుపెట్టుకునే చిల్లర. బతికున్నంతకాలం కణం దాన్ని చేసుకుంటూ ఉంటుంది, చస్తే త్వరగా అయిపోతుంది. 1947లో, అంటే అమినోప్టెరిన్ మొదటిసారి ఒక బిడ్డకు ఇచ్చిన ఏడాదే, విలియం మెకెల్రాయ్ మిణుగురు పురుగు వెలుగుకు ఏటీపీ కావాలని నిరూపించాడు. ఇప్పుడు ఏటీపీ, మిణుగురు వెలుగు రెండూ కలిశాయి. క్యాన్సర్ కణాలకు మందు పెట్టి, మూడు రోజులాగి, మిణుగురు ఎంజైమును కలిపితే బతికున్న కణాల ఏటీపీ మేరకు గుంట వెలుగుతుంది. చిన్న పళ్లెంలో 384 గుంటలు, గుంటకొక మందు, మందుకొక మోతాదు. యంత్రం చీకట్లో ఆ వెలుగు లెక్కపెడుతుంది. ప్రపంచంలో ఇవాళ మందు సున్నితత్వాన్ని కొలిచే ప్రయోగశాలల్లో అతి ఎక్కువగా వాడే కొలతల్లో ఇదొకటి. భీమవరం అబ్బాయి కండరంలో పట్టుకున్న అణువే వాటికి తూకపురాయి. ఈ సంగతి తెలిసిన రోజు నేను చాలాసేపు పని చేసుకోలేకపోయాను.

కానీ తూకపురాయి సరైనదయితే సరిపోదు, తూచే పద్ధతీ సరిగ్గా ఉండాలి. వైద్య విద్యార్థులు వింటున్నారు కాబట్టి ఇక్కడ కాస్త నిదానిస్తాను.

మనం మామూలుగా చెప్పే అంకె ఐసీ50. మందు పెట్టని గుంటతో పోలిస్తే కణాల లెక్కను సగానికి తెచ్చే మోతాదు అది. ఇప్పుడు ఇద్దరు రోగుల కణాలు తీసుకోండి. ఒకరివి రోజుకొకసారి రెండవుతాయి, ఇంకొకరివి మూడు రోజులకొకసారి. ఒక మందు ఇద్దరిలోనూ విభజనను పూర్తిగా ఆపేసిందనుకుందాం, ఏ కణాన్నీ చంపలేదనుకుందాం. మూడు రోజుల తర్వాత మొదటివారి మందులేని గుంటలో ఒకటి ఎనిమిదయింది. మందున్న గుంటలో ఒకటే ఉంది. ఎనిమిదో వంతు. రెండోవారిలో ఒకటి రెండయింది, మందున్నచోట ఒకటి. సగం. మందు ఇద్దరి మీదా సరిగ్గా ఒకే పని చేసింది. మన కాగితం మాత్రం మొదటివారికి గొప్పగా పనిచేసిందని, రెండోవారికి అంతంతమాత్రమని రాస్తుంది. మనం కొలిచింది మందును కాదు, కణం వేగాన్ని! హార్వర్డ్‌లో మార్క్ హాఫ్నర్, పీటర్ సోర్గర్ బృందం 2016లో ఈ లోపాన్ని సరిచేసే లెక్క ఇచ్చింది. మందు పెట్టేనాటి కణాల సంఖ్యను కూడా లెక్కలోకి తీసుకుని, విభజనకింత అని ఫలితాన్ని చెప్పడం అందులోని కీలకం. చూస్తే చిన్న సవరణే. అంతకుముందు దశాబ్దాలపాటు అచ్చయిన ఎన్నో పట్టికలను మళ్లీ చూసుకోవలసి వచ్చింది.

ఒకే కొలతను వేరువేరు చోట్ల చేస్తే కలుస్తుందా అన్నది ఇంకో చిక్కు. 2012లో రెండు పెద్ద సంస్థల బృందాలు వందలాది కణ వంశాల (సెల్ లైన్ల) మీద మందుల ఫలితాలు ప్రకటించాయి. మరుసటేడు బెంజమిన్ హైబే-కైన్స్, ఆయన సహచరులు ఆ రెండు పట్టికలనూ పక్కపక్కన పెట్టి చూస్తే జన్యువుల కొలతలు బాగానే కలిశాయి, మందుల కొలతలు కలవలేదు. తరువాత అమెరికాలో అయిదు ప్రయోగశాలలు ఒకే కణ వంశాన్ని, అవే మందులను, ఒకే పరీక్షా విధానాన్ని పంచుకుని కొలిచి చూసుకున్నాయి. మొదట వచ్చిన జవాబులు వేరువేరు. కణాలను నేరుగా లెక్కపెట్టారా, ఏటీపీ వెలుగుతో అంచనా వేశారా, గుంట అంచున కణాలు చెదిరాయా, ఇలాంటి వాటిదగ్గర తేడాలొచ్చాయి. అన్నిటికంటే పట్టుకోవడం కష్టమైనది, ఒక మందుకు పట్టింపులేని తేడా ఇంకో మందుకు ప్రాణాంతకం కావడం. దీన్ని 2019లో దాచకుండా అచ్చువేశారు. నాకు ఆ వ్యాసం మీద చాలా గౌరవం.

మోతాదు సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. గిన్నెలో ఏ మోతాదు పెట్టినా అడిగేవాడు లేడు. మనిషి రక్తంలో ఆ మందు ఎంతవరకు చేరగలదో ఆ హద్దు దాటి చంపినా ఆ చావు లెక్కలోకి రాదు.

కొలత సరిగ్గా ఉందనుకుందాం. దాన్ని నమ్మి మందు వేస్తే రోగికి మేలు జరుగుతుందా? నన్నడిగినాయన తల్లిలాంటి వాళ్ల మీదే, ప్లాటినానికి లొంగక తిరగబెట్టిన అండాశయ క్యాన్సర్ మీదే, ఇంగ్లండ్‌లో ఇయాన్ క్రీ, ఆయన సహచరులు పరీక్ష పెట్టారు. 180 మంది. కొందరికి డాక్టరు ఎంచిన మందు, కొందరికి ఏటీపీ పరీక్ష ఎంచిన మందు. 2007లో ఫలితం వచ్చింది. జబ్బు తగ్గినవాళ్లు డాక్టరు వైపు 31.5 శాతం, పరీక్ష వైపు 40.5 శాతం. వినడానికి బాగుంది. కానీ ఆ సంఖ్యతో అది కాకతాళీయం కాదని చెప్పలేం. జబ్బు ముదరకుండా ఆగిన కాలం 93 రోజులు, 104 రోజులు. అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2004లో, మళ్లీ 2011లో ఒకే మాట చెప్పింది: అధ్యయనాల్లో తప్ప, ఈ పరీక్షలను చూసి మందు ఎంచకండి.

ఆ సలహా ఎందుకు అవసరమో నా కళ్లతో చూశాను. ఒక కుటుంబం ఎక్కడో ఇచ్చిన రంగురంగుల రిపోర్టు తెచ్చింది. పది మందుల పేర్లు, ఒక్కోదానికి నక్షత్రాలు. దానికోసం అర ఎకరం అమ్ముకున్నారు. ఎంత మోతాదు దగ్గర కొలిచారో లేదు, నమూనాలో క్యాన్సర్ కణాలు ఎన్నో లేదు, మామూలు కణాలు ఎన్నో లేదు. అన్నిటికంటే ఎక్కువ నక్షత్రాలున్న మందు ఆ కణితి రకానికి వాడే మందే కాదు. దాన్ని వేయనన్నాను. "పరీక్ష చెప్పింది కదా, మీరెందుకు వద్దంటున్నారు" అని పెద్దాయన నిలదీశాడు. ఆయనకు అర్థమయ్యేలా చెప్పడానికి నాకు గంట పట్టింది, అయినా పూర్తిగా నమ్మలేదని ఆయన ముఖం చూస్తే తెలిసింది. కొలతలా కనిపించే ప్రతిదీ కొలత కాదు. ఆ తేడా కనిపెట్టే బాధ్యతను పొలం అమ్ముకొచ్చిన మనిషి మీద వేయకూడదు.

మరి ఆశ లేదా అంటే, ఉంది. ఇటీవలి ఏళ్లలో కణాలను పెంచే తీరే మారిపోయింది. నెదర్లాండ్స్‌లో హాన్స్ క్లెవర్స్ ప్రయోగశాలలో తోషిరో సాటో 2009లో పేగు మూలకణం ఒక్కదాని నుంచి పేగు ముడతలున్న బుల్లి నిర్మాణాలను పెంచాడు. వీటినే ఆర్గనాయిడ్లు అంటున్నాం. కణితి నుంచి కూడా ఇవి పెరుగుతాయి. 2018లో లండన్ బృందం ఒకటి జీర్ణకోశ క్యాన్సర్ రోగుల ఆర్గనాయిడ్లను వాళ్లలో మందు పనిచేసిన తీరుతో పోల్చింది. పనిచేయదని ఆర్గనాయిడ్ చెప్పిన చోట రోగిలోనూ ఒక్కసారి కూడా పనిచేయలేదు. చిన్న అధ్యయనమే, కానీ అరిజోనా నాటి పాఠమే మళ్లీ కనిపించింది చూడండి. 'కాదు' అన్న మాట గట్టిది.

మరుసటేడు డచ్చివాళ్లు పెద్దపేగు క్యాన్సర్‌లో ఇరినోటెకాన్ గురించి నూటికి ఎనభైకి పైగా సరిగ్గా చెప్పగలిగారు. ఆక్సాలిప్లాటిన్, ఫ్లోరోయురాసిల్ జంట గురించి మాత్రం చెప్పలేకపోయారు. తరువాత వాళ్లే ధైర్యంగా ముందుకెళ్లి, ఆర్గనాయిడ్ చెప్పిన మందునే రోగికి వేసి చూశారు. 54 మంది బయాప్సీల్లో 31 పెరిగాయి. 25 మందికి మందులు పరీక్షించారు, 19 మందిలో ఏదో ఒక మందుకు లొంగుబాటు కనిపించింది. మందు వేసేదాకా నిలిచినవాళ్లు ఆరుగురు. ఆ ఆరుగురిలో ఎవరికీ కణితి తగ్గలేదు. మళ్లీ ఆరే! మిగతావాళ్లలో కొందరు రిపోర్టు వచ్చేలోపే మందు తట్టుకోలేని స్థితికి చేరిపోయారు. కాలం గురించి ఇంత కఠినంగా చెప్పిన పట్టికను నేనింకోటి చూడలేదు.

రక్త క్యాన్సర్లలో దారి కాస్త సుగమం. కణాలు విడివిడిగా దొరుకుతాయి, పెంచక్కర్లేదు, రోజుల్లో జవాబొస్తుంది. వియన్నాలో రోగి నమూనాను మందుల్లో ఉంచి, క్యాన్సర్ కణాలు, పక్కనున్న మంచి కణాలు విడివిడిగా ఎన్ని చచ్చాయో సూక్ష్మదర్శిని బొమ్మల్లో లెక్కపెట్టారు. మంచి కణాలను వదిలి చెడ్డవాటినే చంపే మందును ఎంచారు. మందులన్నీ అయిపోయిన 56 మందిలో 30 మందికి జబ్బు ఆగిన కాలం అంతకుముందరి వైద్యంకంటే బాగా పెరిగింది. పోల్చిచూసే రెండో గుంపు లేదు కాబట్టి తొందరపడి పండగ చేసుకోను. మయామీలో తిరగబెట్టిన క్యాన్సర్లున్న పిల్లలతో చేసిన ఇలాంటి పని 2024లో వచ్చింది. అక్కడ కూడా పరీక్ష చెప్పినట్టు వైద్యం అందినవాళ్లు ఆరుగురే. వాళ్లలో అయిదుగురికి మేలు కనిపించింది. ఫార్బర్ వార్డులోని ఆరుగురికి ఇంత దూరంలో, ఇన్నాళ్లకు.

జన్యువులు చదివితే చాలదా అని అడుగుతారు. క్రానిక్ మైలాయిడ్ లుకేమియాలో ఇమాటినిబ్ లాగా తాళానికి తాళంచెవి దొరికినచోట చాలు. అన్నిచోట్లా అలా కుదరదు, మెథోట్రెక్సేట్ సంగతి చూడండి. అమినోప్టెరిన్ తోబుట్టువు, ఇప్పటికీ వాడుతున్నది. అది కణంలోకి దూరాలి, లోపల నిలవాలి, డీహెచ్‌ఎఫ్‌ఆర్ అనే ఎంజైమును పట్టుకోవాలి. ద్వారం మూసుకుపోతే లొంగదు. లోపల నిలవకపోతే లొంగదు. ఆ ఎంజైము జన్యువుకు కణం నకళ్లు పెంచుకున్నా లొంగదు, స్టాన్‌ఫర్డ్‌లో రాబర్ట్ షింకే బృందం 1978లో చూపించింది ఇదే. ఒక్క మందుకే ఇన్ని తప్పించుకునే దారులు. అన్నిటి ఫలితాన్నీ ఒక్కచోట చూపేది బతికున్న కణమే.

ఇక మన దగ్గరికి వస్తాను. మందు సున్నితత్వాన్ని కొలవడం మన ఆసుపత్రుల్లో లేదని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. లుకేమియా పిల్లలకు మొదట వారం రోజులు స్టెరాయిడ్, వెన్నులోకి ఒక్క డోసు మెథోట్రెక్సేట్ ఇచ్చి, ఎనిమిదో రోజున రక్తపు బొట్టు తీసి బ్లాస్టులనే లుకేమియా కణాలను లెక్కపెట్టే పద్ధతి ఉంది. మైక్రోలీటరుకు 1000 లోపుంటే జబ్బు మందుకు లొంగుతోందని, పైనుంటే మొండిదని అర్థం. నెల దాటాక మూలుగలో పదివేల కణాలకు ఒకటైనా మిగిలిందేమో ఫ్లో సైటోమెట్రీతో చూస్తాం. ఇదీ కొలతే. గిన్నె బదులు బిడ్డ శరీరమే, మోతాదు నిజమైనదే, ఫలితం ఆ బిడ్డదే. దీన్నిబట్టి కొందరికి వైద్యం తగ్గిస్తాం, కొందరికి పెంచుతాం. ఎనిమిదో రోజు లెక్కకు సూక్ష్మదర్శిని, ఓపికగల కన్ను చాలు. ఈ లెక్క ఆదివారం వచ్చిందని సోమవారానికి వాయిదా వేసిన వార్డులున్నాయి. దయచేసి ఆ పని చేయకండి. ఆ అంకె ఆ రోజుదే.

గట్టి కణితులకు మనకంత సులువైన కొలత లేదు. కానీ ముడిసరుకు ఉంది, రోజూ పారబోస్తున్నాం. నన్ను ప్రశ్న అడిగినాయన అమ్మగారికి ఊపిరి ఆడక పొట్టలోంచి మూడు లీటర్ల నీరు తీశాం. అందులో బతికున్న క్యాన్సర్ కణాలు లక్షల్లో ఉంటాయి, కత్తి అక్కర్లేకుండా చేతికొచ్చినవి. సైటాలజీకి కొంచెం పంపి మిగతాది సింకులో వంచేశాం. ఆ కణాలను దాచి, మిణుగురు వెలుగులో కొలిచి, రోగి డాక్టరుకు ఆ జవాబు చూపకుండా, వేసిన మందుకు ఏం జరిగిందో తరువాత సరిపోల్చుకునే పనిని మన కళాశాలలు చేయగలవు. నైతిక సంఘం అనుమతి, రోగి సంతకం తీసుకుని చేయాలి, పైసా వసూలు చేయకుండా చేయాలి. మన రోగుల్లో, మన మందుల్లో, మన మోతాదుల్లో గిన్నె మాట ఎంత నిజమో తేలకుండా ఏ రిపోర్టునూ అమ్మే హక్కు మనకు లేదు.

వచ్చేవారం మీలో ఎవరో ఒకరు వార్డులో నీరు తీస్తారు. వంచేముందు యాభై మిల్లీలీటర్లు గొట్టంలోకి తీసి, ఐసులో పెట్టి, ఆ గంటలోనే ప్రయోగశాలకు చేర్చండి. చీటీ మీద తేదీ, అంతకుముందు వేసిన మందులు, ఇప్పుడు వేయబోయే మందు రాయండి. చివర ఇంకో గడి ఉండాలి, మూడు నెలలకు ఏమైందన్నది. మనిషి బాగుంటే రాయడం సులువే. ఊరికెళ్లి మళ్లీ రాకపోతే ఫోన్ చేసి కనుక్కుని రాయాలి. ఆ అమ్మగారికి రెండో మందు మొదలుపెట్టాక ఏమైందో, ఆ మందు ఒక్కవారమైనా పనిచేసిందో లేదో, ఆమె కేసు కాగితాల్లో లేదు. ఆ గడి నేనే ఖాళీగా వదిలేశాను.